జంతికల గిన్నె పాడిన పాట

టీ చల్లారిపోతాది, ముందు తాగీయండర్రా. తాగి గ్లాసులు కింద పెట్టండి. మధ్యలో ఎవరికైనా పొలమారితే నాది పూచీ కాదు. మొన్న ఆదివారం మా ఇంట్లో జరిగిన ఘనకార్యం చెప్తాను. ఇంటికొచ్చిన మనిషికి, ఆవిడ ప్రాణంలా చూసుకునే వస్తువులోనే జంతికలు పోసి, "తినక్కా, మొగమాటపడకు" అని చేతికిచ్చిన ఘనురాలిని నేను. ఇంకొకరైతే ఈ బర్మామైన్స్ క్వార్టర్లు ఒగ్గీసి, ఏరు దాటి మాంగో పేట అవతలికి పారిపోయీవారు. నేనింకా ఇక్కడే కూర్చొని మీకు టీ పోత్తన్నాను. సిగ్గు లేదని కాదు. ఎందుకో వినండి.

మా బావ సంగతి ముందు చెప్పాలి. బావంటే నా మొగుడే, సింహాచలం. మేనమామ కొడుకు కాబట్టి పెళ్ళైనా పిలుపు మారలేదు. మిల్లులో ప్రెస్సు మీద పని. వేడి మీద తయారైన బీములు చల్లారేసరికి వంకర్లు పోతాయట, వాటిని ప్రెస్సులో పెట్టి తిన్నగా చెయ్యడం ఆయన డ్యూటీ. డిపార్టుమెంటులో అందరూ "సీధా భాయ్" అని పిలుత్తారు, తిన్నగా చేసీ అన్న అని. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయనకి ఛాతీ రెండంగుళాలు పెరుగుతాది. ఇంట్లో కూడా ఏది వంకరగా కనపడినా చెయ్యి ఊరుకోదు. గోడ మీద కేలండరు, నా జడ, అప్పడం, ఏదైనా సరే.

మా ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క పిచ్చి రికార్డులు. ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. సగం ఆయన పెళ్ళికి ముందు జుగ్సలాయి బజార్లో పాత సామాన్ల కొట్టు చుట్టూ తిరిగి ఏరినవి. సగం నేను విజయనగరం ఎళ్ళినప్పుడల్లా కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకొని, పక్కనోళ్ళ మోచెయ్యి తగలకుండా కాపలా కాసి తెచ్చినవి. పాత ప్లేయరు మోటారు కాలిపోయినాక ఆ పెట్టె మంచం కిందకి ఎళ్ళిపోయింది. ఈసారి దసరాకి పూజా బోనసు రాగానే బావ ఏదీ ఆలోచించకుండా కొత్త ప్లేయరు తెచ్చీసినాడు. నాకు చీర తెత్తానన్నాడు. ప్లేయరు తెచ్చినాడు. నేను కోప్పడదామనుకున్నాను గానీ, ఆ మూత తీసి చూసేసరికి కోపం రాలేదు, ఏటి చెయ్యను.

సరిగ్గా అప్పుడే కరుణమ్మక్క కబురు పంపింది. కరుణమ్మక్క మీలో కొందరికి తెలుసు. ఆస్పత్రిలో నర్సు, రిటైరైపోయింది. నరసాపురంలో తమ్ముడి దగ్గరికి ఎళ్ళిపోతన్నాది. ఆవిడ రికార్డు ఒకటి మా పెట్టెలో ఉన్నాది. క్రైస్తవ కీర్తనల రికార్డు. వాళ్ళాయన దేవదానంగారిది. ఆయన పోయినాక ఆవిడ సామానంతా ఎవరెవరికో ఇచ్చేసింది, ప్లేయరు కూడా ఇచ్చేసింది, ఆ రికార్డు మాత్రం ఇవ్వలేకపోయింది. "మీ ఇంట్లో ఉంచవే పారోతీ, అప్పుడప్పుడు వచ్చి వినిపోతాను" అని నా చేతిలో పెట్టింది. ఇప్పుడు, "ఎళ్ళేముందు ఆదివారం వచ్చి మీ ఇంట్లో ఒకసారి వింటాను, ఇంక నా రికార్డు నేను పట్టుకెళ్తాను" అని కబురు.

ఆవిడ అడిగిందంటే ప్రాణమైనా ఇయ్యాలి మేము. ఎందుకో తరవాత చెప్తాను.

దాంతో, ఆవిడ రావడానికి ముందు ఆదివారం పెట్టె బైటికి తీసినాము. బావ అన్నాడు, "ఒట్టినే వినడం కాదే, మార్కులు ఏద్దాం. మా ఇన్‌స్పెక్షన్‌లో లాగ. మంచిదైతే ఓకే, మధ్యరకం సెకండ్స్, పనికిరానిది స్క్రాప్." నేను, "నాకు మీ మిల్లు భాష రాదు, పదికి ఇన్నని ఏత్తాను" అన్నాను. తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడవడం, పెట్టడం, వినడం, కొట్టుకోవడం. పొద్దున్న మొదలెడితే వంట ఊసే లేదు. మా పాపకి బన్ను, పాలు ఇచ్చి ఊరుకోబెట్టినాను.

మొదట నాదస్వరం. మా పెళ్ళైన ఏడాది కొన్నది. నేను తొమ్మిది ఏసినాను. బావ మార్కులు చెప్తాడని చూత్తే గోడకి ఆనుకొని గురక! "పెళ్ళిలో కూడా ఇలాగే కునికినావు కదా బావా, తాళి కట్టీటప్పుడు మా నాన్న నీ భుజం తట్టి లేపినాడు" అన్నాను. "అందుకే ఓకే, మనిషిని నిద్రపుచ్చడం కన్నా గొప్ప సంగీతం ఉందేటి!" అన్నాడు.

తరవాత ఆయన హిందీ రికార్డు. అటు ఆరు పాటలు, ఇటు ఆరు పాటలు, పన్నెండూ ఏడుపే. నేను రెండు మార్కులు ఏసినాను. ఆయనకి రోషం వచ్చీసింది. "దీనికి రెండా! ఇది ఫస్టు క్లాస్ మాల్!" అని లేచి కూర్చున్నాడు. "పెళ్ళికి ముందు కొన్నావు కదా, ఎవరికోసం ఏడ్చినావు బావా, చెప్పీ, నేనేమీ అనుకోను" అన్నాను. "ఎవరికోసమూ కాదే, మెస్సులో అన్నం తిన్నప్పుడల్లా వినీవాడిని" అన్నాడు. ఆ జవాబు నిజమో అబద్ధమో గానీ, నవ్వొచ్చీసి ఇంకో మూడు కలిపినాను.

హాస్య నాటిక రికార్డు ఒకటున్నాది. గీత పడిపోయి ఒక్కదగ్గరే ఆగిపోతాది. "ఎక్కడికెళ్ళినావు? ఎక్కడికెళ్ళినావు? ఎక్కడికెళ్ళినావు?" అని ఆడగొంతు అడుగుతానే ఉంటాది. బావ వంటింట్లో నీళ్ళు తాగుతా, "ఎక్కడికీ ఎళ్ళలేదే, ఇక్కడే ఉన్నాను!" అని కేకేసినాడు. నేనడుగుతున్నాననుకున్నాడు! దానికి పదికి పది ఏసినాను, నా పని అది చేత్తన్నాది కదా.

ఇంక ఒక హరికథ రికార్డు. కవరు మాత్రం మందపాటిది, రంగుల్లో దాసుగారి బొమ్మ, నిలువెత్తున చిడతలు పట్టుకొని. లోపలి సరుకు చూత్తే దాసుగారు కథ కన్నా దగ్గు ఎక్కువ దగ్గుతాడు. పైగా గీతలు. ఇద్దరమూ ఒకేసారి "స్క్రాప్!" అన్నాము. ఆ రోజు మొత్తానికి మేమిద్దరం ఒప్పుకున్నది అదొక్కటే.

కరుణమ్మక్క రికార్డుకి మార్కులు ఏయలేదు. అది మనది కాదు, మార్కులేయడానికి మనమెవరం. తుడిచి, పెట్టి, ఒక పాట విని, తీసి జాగ్రత్త చేసినాము.

ఇప్పుడు వినండి, తప్పు ఇక్కడే పుట్టింది. మా బావ మిల్లు బుద్ధి ఏటంటే, మంచి సరుకు మంచి ప్యాకింగులో ఉండాలి. అక్క రికార్డు కవరు చిరిగిపోయి, మూలలు నలిగిపోయి ఉన్నాది. "పాపం అక్క రైల్లో పట్టుకెళ్తాది, ఇందులో పెడితే విరిగిపోతాది. స్క్రాపుకి ఇంత మంచి కవరెందుకు?" అనుకొని, దాసుగారి కవరు తీసి అక్క రికార్డుకి తొడిగినాడు. దాసుగారిని ఆ చిరుగుల కవర్లోకి తోసినాడు. మంచి పనే! నాకు చెప్పి ఉంటే ఇంకా మంచి పని. చెప్పినానంటాడు. నేను రాత్రి వంటకి కుక్కరు ముందున్నప్పుడు చెప్పినాడట. ఆ కుక్కరు ఈల ఏసిందంటే మిల్లు సైరను కూడా వినపడదు, ఈయన గొంతొక లెక్కా!

బుధవారం వచ్చింది. బావ డ్యూటీకి ఎళ్ళినాడు. మా వెనక క్వార్టర్ల లైన్లో ఉండే బెంగాలీ బౌది, వదినన్నమాట, మొన్నామధ్య ఒక విద్య నేర్పింది నాకు. పనికిరాని రికార్డుని సలసల మరిగే నీళ్ళలో ముంచితే మెత్తబడిపోతాది. బోర్లించిన బిస్కట్ల డబ్బా మీద పరిచి, అంచులు కిందకి నొక్కితే కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా పువ్వు లాగ గిన్నె తయారవుతాది. వాళ్ళింట్లో అలాంటివి నాలుగున్నాయి. నాకు అప్పట్నించీ మనసులో పీకుతున్నాది. కరుణమ్మక్క ఆదివారం వత్తాది, జంతికలు కొత్త గిన్నెలో పెడితే ఎంత బాగుంటాదో అని.

ఇంకేటి, నీళ్ళు పెట్టినాను. పెట్టెలోంచి దాసుగారి కవరు తీసినాను. నీళ్ళు పొంగుతన్నాయి, కంగారుగా లోపలిది లాగి ముంచీసినాను. మధ్యన కాగితం మీద ఏటి రాసుందో చూడొచ్చు కదా అని అడుగుతారు మీరు. కవరు మీద దాసుగారు నిలువెత్తున నిల్చొని ఉంటే మధ్యన కాగితం ఎవరు చదువుతారర్రా! డబ్బా మీద పరిచినాను, నొక్కినాను. మధ్యలో చిల్లు కనపడకుండా ఎర్ర కాగితం పువ్వు కత్తిరించి, మైదా జిగురుతో లోపలా బైటా అంటించినాను. ఆహా, ఎంత అందమో! నా చేతిని నేనే ముద్దు పెట్టుకున్నాను.

ఆదివారం కరుణమ్మక్క వచ్చింది. తెల్లచీర, చేతిలో గొడుగు, పాపకి కేకు ముక్కలు. బావ కొత్త ప్లేయరు మీద తువ్వాలు తీసి, పెళ్ళికూతురి ముసుగు తీసినట్టు చూపించినాడు. నేను గిన్నె నిండా జంతికలు పోసి తెచ్చినాను.

అక్క ముందు గిన్నెని చూసింది. "ఇదేటే ఇంత బాగుంది! ఎక్కడ కొన్నావు?"

"కొనలేదక్కా, నేనే చేసినాను. పనికిరాని రికార్డు. వేడినీళ్ళలో ముంచితే చాలు!"

"పాపం, ఎవరి గొంతో," అంది అక్క, ఒక జంతిక విరుచుకుంటూ.

నేను పకపకా నవ్వినాను. "దగ్గే దాసుగారి గొంతక్కా, పోతే పోనీ!"

"పారోతీ, ఎళ్ళిపోతున్నాను కదా, ఈ గిన్నె నాకిచ్చీవే. మీ గుర్తుగా ఉంచుకుంటాను," అంది. నాకెంత గర్వం వచ్చిందో చెప్పలేను. తప్పకుండా తీసుకో అక్కా అన్నాను.

బావ పెట్టె ముందు కూర్చొని వెతుకుతన్నాడు. "పారోతీ, దాసుగారి కవరేది?"

"దాంతోటి ఇప్పుడేటి పని బావా? అది నేను గిన్నె చేసీసినాను కదా. అక్క చేతిలోనే ఉన్నాది, చూడు!"

బావ మొహం చూడాలి మీరు. ముందు నా వైపు చూసినాడు. తరవాత గిన్నె వైపు. తరవాత పెట్టెలో చిరుగుల కవర్లోంచి ఒక రికార్డు సగం లాగి, మధ్యన కాగితం చూసి, మళ్ళీ తోసీసినాడు.  కళ్ళతో "వంటింట్లోకి రా" అన్నాడు.

వంటింట్లో గుసగుసగా చెప్పినాడు.  ఓలమ్మో! బియ్యం డబ్బా పట్టుకొని నిల్చున్నాను. "చెప్పలేదేటి బావా!" "చెప్పినానే!" "ఎప్పుడు?" "కుక్కరు ఈల ఏసినప్పుడు!" "ఈల ఏసినప్పుడు చెప్తే అది చెప్పడమా!" హాల్లోంచి కరకరమని జంతికలు నమిలే చప్పుడు. వాళ్ళాయన రికార్డులోవి ఆవిడే తింటన్నాది! ఆ ప్రతి కరకరా నా గుండె మీదే.

బావకి బుర్ర పనిచేసింది. ప్లేయరు దగ్గరికి ఎళ్ళి, వంగి, సూది పీకి జేబులో ఏసుకున్నాడు. "అక్కా, సూది అరిగిపోయింది. కొత్తది తెత్తాను. సాయంత్రం రండి, తప్పకుండా వినిపిత్తాను."

"సాయంత్రం చర్చిలో నాకోసం ప్రార్థన పెట్టినారు తమ్ముడూ. అదయ్యాక వత్తాను. రేపు పొద్దున్నే రైలు మరి," అంది అక్క. లేచి, గిన్నెలో జంతికలు సంచిలోకి వొంపుకొని, గిన్నె కూడా పెట్టుకోబోయింది.

"వద్దు!" అని ఇద్దరం ఒకేసారి అరిచినాము. అక్క ఉలిక్కిపడింది. "అంటే... దానికి రంగు ఏసి ఇత్తానక్కా, సాయంత్రానికి ఆరిపోతాది," అన్నాను నేను. ఎన్నాళ్ళకో గానీ నోటికి రాని అబద్ధం, ఆ రోజు నీళ్ళలాగ వచ్చింది.

ఆవిడ అటెళ్ళగానే బావ చొక్కా చేతులు మడిచినాడు. "భయపడకు. నేనెవరిని? సీధా భాయ్‌ని. ముగ్గురు మనుషులు మొయ్యలేని బీమునే తిన్నగా చేసీవాడిని, ఈ పళ్ళెం ఒక లెక్కా?"

నేను మొదట ఎర్రకాగితం పువ్వు తడిపి ఒలిచినాను. దాని కింద కాగితం మీద, సిరాతో, దేవదానంగారు రాసుకున్న పేరు. అక్షరాలు కొంచెం అలుక్కుపోయినాయి గానీ పోలేదు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. మనిషి పోయినాక ఆయన చేతిరాత కూడా ఉడకబెట్టీసినానే అని.

బావ ఏడవనియ్యలేదు. నీళ్ళు పెట్టమన్నాడు. గిన్నె మెత్తబడింది. "వంకర తియ్యడమంటే ఒట్టినే నొక్కడం కాదే. అవతలి వైపుకి కొంచెం ఎక్కువ వంచాలి. అప్పుడది రోషంతో వెనక్కొచ్చి సమంగా నిలబడతాది. మా మిల్లు పద్ధతి." అని అవతలి వైపుకి వంచినాడు. ఇనుముకి రోషం ఉంటాదేమో గానీ దీనికి లేదు. వంచినది వంచినట్టే ఉండిపోయింది. ఇందాక జంతికల గిన్నె, ఇప్పుడు పోలీసు టోపీ!

"బావా, ఇది రావట్లేదు బావా."

"రాకపోతే నేను ఊరుకుంటానా!" మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ముంచడం. ఈసారి రెండు పీటల మధ్యన తువ్వాలు పరిచి, రికార్డు పెట్టి, పైన నన్ను కూర్చోమన్నాడు. "లోడు చాలదు" అని నా ఒళ్ళో బియ్యం బస్తా పెట్టినాడు. ఇంకా చాలదని నా వెనక తను కూడా కూర్చున్నాడు. ఒకే పీట మీద ఇద్దరం, బస్తాతోటి. అప్పుడే పాప ఆడుకొని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "మమ్మీ, ఆప్‌లోగ్ యే క్యా కర్ రహే హో?" అంది, మీరిద్దరూ ఇదేటి చేత్తన్నారని.

"మీ నాన్ననడుగు," అన్నాను. ఆయన మిల్లు పద్ధతి మళ్ళీ మొదట్నించీ చెప్పడం మొదలెట్టినాడు. అది మధ్యలోనే ఆడుకోడానికి ఎళ్ళిపోయింది, తెలివైన పిల్ల.

ఆ పీట మీద కూర్చొని ఉన్నంతసేపూ నాకొకటే ఆలోచన. ఈ పాప పుట్టిన రోజు. పెద్ద వాన, లైన్లన్నీ మోకాలి లోతు నీళ్ళు. బావ డ్యూటీలో ఉన్నాడు, కబురు చేసీవాళ్ళు లేరు. నాకు నొప్పులు. కరుణమ్మక్కకి ఆ రోజు సెలవు. ఎవరు చెప్పినారో ఏటో, చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకొని ఆ నీళ్ళలో నడిచొచ్చింది. రిక్షా నీళ్ళలో ఆగిపోతే తనే దిగి వెనక నించి తోసింది. ఆస్పత్రిలో నేను ఆవిడ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, తరవాత వారం దాకా ఆవిడ వేళ్ళు వాచి ఉన్నాయట. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నాకు తల్లి దగ్గర లేదు ఆ రోజు. ఆవిడే తల్లి. అలాంటి మనిషి మమ్మల్ని అడిగింది ఇన్నేళ్ళకి ఒకే ఒక్కటి. వాళ్ళాయన పాట. ఆ పాట మీద నేను బియ్యం బస్తాతోటి కూర్చొని ఉన్నాను.

"ఏడవకే," అన్నాడు బావ వెనక నించి. "కదిలితే వంకర వత్తాది."

సాయంత్రానికి పీటలు తీసినాము. చెప్పుకోవాలంటే, ఫరవాలేదు. అంచులు లంగా కుచ్చిళ్ళ లాగ పైకీ కిందకీ ఉన్నాయి. కానీ మధ్య భాగం బిస్కట్ల డబ్బా అడుగు మీద ఆనింది కదా, అక్కడ దాదాపు తిన్నగా ఉన్నాది. బావ జేబులోంచి సూది తీసి మళ్ళీ తగిలించినాడు. అంచు మీద పెడితే కప్పలాగ గెంతుతాది. లోపలికి, చివరి పాట దగ్గర పెడితే నిలబడతన్నాది. దేవుడి దయ, అక్కకి ఇష్టమైన పాట ఆ చివరిదే. పాట పూర్తిగా విని చూద్దామనుకునే లోపలే గుమ్మంలో గొడుగు మడిచిన చప్పుడు.

అక్క వచ్చి కుర్చీలో కూర్చొని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. చర్చి నించి వచ్చిన కళ్ళు, ఎర్రగా ఉన్నాయి. "పెట్టు తమ్ముడూ," అంది.

బావ సూది దింపినాడు. నేను గోడ పట్టుకున్నాను.

పాట మొదలైంది. అయ్యబాబోయ్, ఏం చెప్పను! ఆ పాడినాయన గొంతు పైకి లేచింది, ఠక్కున కిందకి జారింది, మళ్ళీ మెట్లెక్కుతున్నట్టు లేచింది. ప్రతి చరణమూ అలాగే. హార్మోనియం కూడా ఆయన వెనకే పరిగెడతన్నాది. పైగా ఒకదగ్గరికి వచ్చేసరికి ప్రతి చుట్టుకీ "టక్". "టక్". బావ చూపు ప్లేయరు మీద, నా చూపు అక్క మీద. అక్క కళ్ళు మూసుకుంది. పెదాలు బిగపట్టింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుత్తన్నాది!

నావల్ల కాలేదు. ఎళ్ళి కాళ్ళ దగ్గర కూర్చొని మొత్తం కక్కీసినాను. కవరు, కుక్కరు, బిస్కట్ల డబ్బా, పీటలు, అంతా. "పొద్దున్న నువ్వు జంతికలు తిన్నది దీంట్లోనే అక్కా. నన్ను తిట్టు. కొట్టు. నీ ఆస్తి పాడు చేసీసినాను."

పాట అయిపోయింది. అక్క సూది దగ్గరికి వంగి, వేలితో ఏదో తీసి, వెలుగులో చూసింది. వాము గింజ. గాడిలో ఇరుక్కున్న వాము గింజ! అదన్నమాట టక్కు.

అది చూసి ఆవిడ నోరు తెరిచి నవ్వింది చూడండర్రా. అంతవరకూ బిగపట్టినది ఏడుపు కాదు, నవ్వే! కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, పొట్ట పట్టుకుంది. నాకు భయమేసి మంచినీళ్ళు తెచ్చినాను.

"ఒసే పారోతీ," అంది చివరికి, "మా ఆయన అచ్చం ఇలాగే పాడీవారే! ఇలాగే! పైకి పోవాల్సిన దగ్గర కిందకి, ఆగాల్సిన దగ్గర పరుగు. చర్చిలో ఆయన పాడితే పిల్లలు నవ్వీవారు. పాస్టరుగారు బతిమాలి వెనక బెంచీలో కూర్చోబెట్టినారు. నేర్చుకుంటాను చూడు అని పంతం పట్టి ఈ రికార్డు కొన్నారు. రోజూ సాయంత్రం దీనితోటి పాడీవారు. రికార్డొక దారి, ఆయనొక దారి. చచ్చేదాకా మారలేదు."

నేనూ బావా మొహాలు చూసుకున్నాము.

"ఆయన పోయినాక ఇది విన్నప్పుడల్లా నాకు వెలితిగా ఉండీది. పాడేవాడు ఎంత బాగా పాడుతుంటే అంత ఒళ్ళు మండీది. నా మనిషి గొంతు ఇందులో లేదు కదా అని. ఇవాళ..." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఈసారి నిజంగానే ఏడుపు. "ఇవాళ ఉన్నాదే. మళ్ళీ పెట్టు తమ్ముడూ."

బావ మళ్ళీ పెట్టినాడు. మళ్ళీ పెట్టినాడు. అక్క కూడా పాడింది, రికార్డు ఎటు జారితే అటు జారుతూ. నేను కూడా పాడినాను, నాకు ఆ కీర్తన రాకపోయినా. ఆవిడ నా తల మీద చెయ్యేసి ఉంచింది పాట అయినంతసేపూ. ఆ చెయ్యి బరువు నాకింకా తల మీద ఉన్నట్టే ఉన్నాది. మనల్ని క్షమించీవాళ్ళు ఉంటారు, మన తప్పుని దాచీవాళ్ళు ఉంటారు. మన తప్పుకి థాంక్స్ చెప్పి, నుదుటి మీద ముద్దు పెట్టి ఎళ్ళిన మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూసినాను. నా అదృష్టం, అంతే.

మర్నాడు స్టేషనుకి ఎళ్ళినాము. అక్క సామానంతా సీటు కింద తోసీసి, రికార్డు మాత్రం ఒళ్ళో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదిలింది. మా బావ కిటికీ పట్టుకొని పక్కన నడుత్తా, ప్లాట్‌ఫారం అంతా వినపడేలాగ అరిచినాడు:

"అక్కా! అది ఎప్పుడైనా సరిగ్గా పాడితే వెంటనే నాకు పంపించీయండి! మళ్ళీ పాడు చేసి ఇత్తాను!"

అక్క చెయ్యూపుతూ అంది, "నాకు తెలుసు తమ్ముడూ. మీ ఇద్దరి మీదా నాకు పూర్తి నమ్మకం!"